చెవి పక్కన పోయే రాయి

రా కోడలా, రా. చెప్పులు గడప బయటే వదిలి రా, ఇప్పుడే తుడిచినా. మేడం పడుకొని ఉంది, పిల్లోళ్ళు బయటికి పోయినారు, నేను సాయంత్రం అస్ర్ నమాజు గూడా చేసుకున్నా, ఇంక పొద్దుగూకే మగ్రిబ్ దాకా ఈ వంటింట్లో మనల్ని అడిగేవాళ్ళు లేరు. అల్ వుకైర్ నుంచి ఈ గల్ఫ్ ఎండలో బస్సెక్కి అబూ హమూర్ దాకా వచ్చినావంటే ఊరికే రాలేదు నువ్వు. మీ నాయన, మా తమ్ముడు ఇమాము సంగతే కదా. రేపు శుక్రవారం ఆట. నాకు తెలుసులే, ఫయాజ్ ఫోన్ చేసినాడు. 'అక్కా, మా హౌస్ డ్రైవర్లందరం కలిసి ఇమామన్న పేరు మీద కప్పు పెట్టినాము, ఆడేది క్రికెట్టే గానీ, ఇమామన్న ఆడిన ఆటలో మాదిరి మొదటి బంతి గౌరవంగా ఒకరి చేత వేయించాలని అనుకున్నాము, పెద్ద పెద్దోళ్ళు మనకెందుకు, ఆయన ఇంటి ఆడమనిషే వెయ్యాల' అని మొదలుపెట్టినాడు. ఇంటి ఆడమనిషి అంటే ఎవరో నేను అడగలేదు. నమాజు టైమైంది నాయనా అని పెట్టేసినా. అడిగి చెప్పించుకోవాల్నా అది. పెండ్లాం ఇప్పుడు ఈడనే నీ దగ్గర ఉండగా అక్కను ఎవరు పిలుస్తారు. మీ అమ్మే వేస్తుంది. వెయ్యనీ. నేనేమన్నా వద్దంటినా. నాకేం కుళ్ళు లేదు, పైవాడు చూస్తాండాడు. బంతిని చేత్తో పట్టుకునేది ఎట్లనో ఆమెకు ఎవరన్నా ఈ రాత్రికి నేర్పితే చాలు, అంతే నేననేది.

ఆగవే, నీ మాట తర్వాత చెప్పుదువు. ఆ నీళ్ళు తాగు ముందు. నీకు ఎవరో ఒకరు మొదట్నుంచి చెప్పాల. మీ నాయన పోయిననాటికి నువ్వు కడపలో బడికి పోతాండావు, సెలవుకొచ్చి పోయే నాయనే తప్ప నీకేం తెలుసు. మీ అమ్మ చెప్పింది తెలుసు. మీ అమ్మ చెప్పేది అబద్ధమని నేననను, ఆ మాటంటే మళ్ళా కాళ్ళూ చేతులూ కడుక్కొని వజూ చేసుకోవాల. కాకపోతే ఆమె కడప టౌను మనిషి, రాయచోటి కొండల్లో జీవాల ఎనక తిరిగినోళ్ళ సంగతి ఆమెకేం తెలుస్తుంది. మేము దూదేకులోళ్ళం. మా అబ్బ, నాయనకు నాయన, దూది ఏకి ఊరూరా పరుపులు కుట్టినాడు. మిషను పరుపులు వచ్చినాక ఆ పని పాయ, మా నాయన నాలుగు మేకలూ గొర్రెలూ పట్టినాడు. ఇంట్లో మాట్లాడేది తెలుగు, అల్లాను అడుక్కునేదీ తెలుగే. మీ అమ్మోళ్ళది ఉర్దూ ఇల్లు. పెండ్లైన కొత్తలో నేను చేతులెత్తి దువా చేసుకుంటా ఉంటే పక్కనుంచి మెత్తగా అడిగింది మీ అమ్మ, 'ఆపా, తెలుగులో అడిగితే చేరుతుందా' అని. నన్ను ఆపా అనే పిలుస్తుంది, అక్కా అంటే నోరు నొస్తుందేమో. చేరకపోతే నీలాంటి మరదలు మా ఇంటికి ఎట్లొచ్చింది అని నోటిదాకా వచ్చింది. మింగినా. నేనట్లా మాట అనే మనిషిని కాదు.

యాడున్నా నేను. ఆ, జీవాలు. మా నాయన రాయి నేర్పింది ఎవరికి అనుకున్నావు. మీ నాయనకు కాదు, నాకు. ఇమాము అప్పటికి నా సంకలో ఉండాడు, ముక్కు కారతా. జీవం పోయి పక్కోళ్ళ చెనిక్కాయ చేన్లో పడిందనుకో, ఎనక పరిగెత్తితే ఇంకా లోపలికి పోతుంది. అందుకని దానికి ఆ పక్క నుంచి, చెవికి బెత్తెడు దూరంలో రాయి పోవాల. చెవిలో జుయ్యిమని గాలి కొట్టాల, జీవం ఉలిక్కిపడి మనపక్కకు తిరగాల. రాయి మాత్రం దానికి తగలగూడదు, వెంట్రుకకు గూడా తగలగూడదు. 'నోరులేనిదానికి నీ రాయి తగిలిందంటే ఆ పొద్దు నీకు సంగటి లేదు' అనేవాడు నాయన. ఊరికే అనడం కాదు, పెట్టేవాడు కాదు నిజంగానే. మధ్యలో చెట్టు అడ్డముందనుకో, రాయి చెట్టును చుట్టుకొని పోవాల. దానికి బిళ్ళరాయి ఏరుకొని, రెండు వేళ్ళ మధ్య ఇట్లా పెట్టి, చెయ్యి వదిలేటప్పుడు మణికట్టును తాళంచెవి తిప్పినట్టు తిప్పాల. చూడు, ఇట్లా. ఇది ఒకరు చూపిస్తే వచ్చేది కాదు. నాకు వచ్చింది. ఊర్లో పెద్ద పెద్ద గొర్రెలోళ్ళే నిలబడి చూసేవాళ్ళు, 'ఏమి సాయిబూ, నీ కూతురు చేతిలో ఏదో ఉందబ్బా' అని మా నాయనతో అనేవాళ్ళు. నేనిది గొప్పకు చెప్పడంలేదు. ఉన్నమాట.

ఇమామును ఎంటబెట్టుకొని పోయేదాన్ని. వానికి నేనే నేర్పినా. నన్ను చూసే నేర్చుకున్నాడు, ఎంతగా చూసి నేర్చుకున్నాడంటే, చెప్తా విను, ఇది మీ అమ్మకు తెలియని సంగతి. నాకు అప్పుడప్పుడే ఓణీ వేసినారు. రాయి ఇసిరేటప్పుడు ఎడమచెయ్యి ముందరికి చాపాల, కుడిచెయ్యి ఎనక్కి పోవాల, ఓణీ జారిపోతుంది. చేతులు రెండూ ఖాళీ లేవు కదా, అందుకని కొంగు పండ్లతో కరిచి పట్టుకొని ఇసిరేదాన్ని. వాడు నన్ను చూసి, రాయికి ముందర ఏదో ఒకటి కొరకాలేమో అనుకున్నాడు పిచ్చోడు. వానికి ఓణీ యాడిది, సొక్కా కాలరు నోట్లో పెట్టుకొని కొరికేవాడు. ఏ సొక్కా తీసుకున్నా కుడిపక్క కాలరు చిరిగుండేది, మా అమ్మ కుట్టలేక చచ్చేది. ఎన్నిసార్లు చెప్పినా, ఒరే అది ఆడపిల్ల అవసరంరా, నీకెందుకురా అని. మానలేదు. కాలరు కొరక్కపోతే వానికి గురి కుదిరేది కాదు. పెద్దయినాక గూడా అంతే.

ఇంక నేను పెద్దమనిషినైనా. నాయన పొద్దున్నే లేచి రాళ్ళసంచి నా కొక్కెం మీద నుంచి తీసి వాని భుజానికి తగిలించినాడు. అంతే. ఆ పొద్దునుంచి నా చేతికి గరిటె, వాని చేతికి రాయి. నేను ఏడవలేదు. ఏడ్చేదేముంది, అందరాడపిల్లలకూ అయ్యేదే. కాకపోతే సాయంత్రం వాడు జీవాలను తోలుకొచ్చి, 'అక్కా, ఈ పొద్దు నేను ఇసిరింది కలబంద దాటి పోయింది' అని చెప్తా ఉంటే, పొయ్యి ఊదుకుంటా వింటా ఉంటినే, అప్పుడు, పొగకు కండ్లు మండేవిలే.

లేదు లేదు, నేనేం మరిచిపోలేదు, నువ్వు వచ్చిన పని నాకు గుర్తుంది. రవ్వంత ఓపిక పట్టు. ఈ ఎండు నిమ్మకాయలకు తూట్లు పొడుస్తా చెప్తా, వీళ్ళు లూమీ అంటారు, రేపు వండే మాంసం అన్నంలోకి, మచ్‌బూస్‌లోకి. ఆయన పోయినాక, అంటే మీ మామ పోయినాక, నేను ఈడికి వచ్చినా. ఊర్లోవాళ్ళు ఖాసింబీ దుబాయ్‌కి పోయిందిరా అనిరి, వాళ్ళకు సముద్రానికి ఈ పక్కదంతా దుబాయే. ఈ ఇంట్లోనే అప్పట్నుంచీ వంట. ఇమామును పిలిపించింది నేను. పెద్ద బాబా, ఈ ఇంటి యజమాని, ఉండె అప్పుడు, ఆయన కబ్సా అన్నానికి మాంసం ఎంత మెత్తగా ఉడికించినానో, తిని సంతోషంగా ఉన్న టైము చూసి, 'బాబా, మా తమ్ముడు, డ్రైవర్, మంచివాడు' అన్నా. 'యల్లా, పిలువు' అన్నాడు. ఆ వీసా వచ్చింది నా చేతి వంటకు. ఈ ముక్క మీ అమ్మ ఎవరికీ చెప్పదు. 'మా ఆయన గల్ఫ్‌లో డ్రైవర్‌గా కుదిరినాడు' అంటుంది, ఆయనంతట ఆయన గాలిలో ఎగిరొచ్చి కుదిరినట్టు.

బాబాకు ఒక విల్లా కాంపౌండు ఉండేది, గ్యాసు కంపెనీ ఇంజనీర్లకు బాడుగకిచ్చేవాడు. అందులో ఒక జపాన్ సారు, ఆయన పిల్లలను బడికి తీసుకపోయేది ఇమాము డ్యూటీ. సారు సాయంత్రాలు పిల్లలతో ఆ బేస్‌బాల్ ఆట ఆడతాండె. ఒకనాడు బంతి వీళ్ళ తలల మీదుగా పోయి, కార్లు పెట్టే రేకుల షెడ్డు దాటి పడింది. ఇమాము ఆడ కారు కడుగుతాండాడు. తడిచేత్తోనే బంతి తీసుకున్నాడు. సారు నడిచి వస్తానని చెయ్యి ఊపినాడంట, వద్దని వీడు చెయ్యి ఊపి, కాలరు కొరికి, ఇసిరినాడు. మధ్యలో నీళ్ళ ట్యాంకు ఉంది. బంతి ట్యాంకు పక్కనుంచి వంపు తిరిగి పోయి సారు తోలు గ్లవ్వులో పడింది. సారు గ్లవ్వు ఊడదీసి అరచెయ్యి చూసుకున్నాడంట. తర్వాత తల వంచి, 'ఇమామ్-సాన్, ప్లీజ్, అగైన్' అన్నాడంట. సాన్ అంటే వాళ్ళలో గారు అన్నట్టు. ఆ సాయంత్రమే నాకు ఫోన్ చేసినాడు, 'అక్కా, ఆ సారు నన్ను గారు అని పిలిచినాడే' అని. మొదట నాకు చేసినాడు. మీ అమ్మకు తర్వాత చేసినాడు. ఇది నువ్వు బాగా గుర్తుపెట్టుకో.

ఆ ఏడు ఇక్కడ ఎవరో డబ్బున్నోళ్ళు కలిసి ఆ ఆటను జీతాలిచ్చి ఆడించాలని పూనుకున్నారు. ఊరి బయట ఇసుకలో మైదానం గూడా కట్టినారు. ఒక జట్టుకు మన జపాన్ సారు స్నేహితుడు పెద్ద. బాబాను అడిగి సంతకం పెట్టించుకొని, ఇమామును తీసుకపోయినారు. బంతి వేసేవాణ్ణి పిచర్ అంటారు. పరిగెత్తేది లేదు, మధ్యలో మట్టి దిబ్బ ఒకటి ఉంటుంది, దాని మీద నిలబడి ఇసరాల, అవతల ఒకడు దుడ్డుకర్ర పట్టుకొని ఉంటాడు. దిబ్బ మీద నిలబడి కిందికి ఇసిరేది మాకు కొత్తనా, కొండవాలు మీద పుట్టినోళ్ళం. ఎంతెంత మనుషులు, దున్నపోతుల మాదిరి ఉండారు, కర్ర తిప్పితే గాలి చప్పుడు మాకు వినపడేది. తిప్పేది గాలినే. బంతి ఆడ ఉండేది కాదు, వంపు తిరిగిపోయి ఉండేది. ఫిలిప్పైన్సోళ్ళు, జపానోళ్ళు, మన డ్రైవర్లు, అందరూ లేచి నిలబడి 'ఇమామ్, ఇమామ్' అని అరిచేవాళ్ళు. డ్రైవర్ పిల్లోడు పాపం, వాని చేతి మీద ఆ లైట్ల వెలుతురంతా పడేది. నేను వంట ముగించుకొని, మేడంను అడుక్కొని, అబాయా వేసుకొని పోయి ఎనక వరసలో కూర్చునేదాన్ని. కూర్చుంటానా, వాడు చెయ్యి ఎనక్కి తీస్తానే అబాయా లోపల నా వేళ్ళు కదిలేవి. నేను కదిలించేది కాదు. వాటంతట అవే రెండు వేళ్ళు విడిపోయి, మణికట్టు తిరిగేది. పక్కనున్న ఫిలిప్పైన్సు పిల్ల ఒకసారి చూసి, 'ఆంటీ, యూ ఓకే?' అనింది. చలి అని చెప్పినా.

మీ అమ్మ ముందు వరసలో. విజిట్ వీసా మీద పిలిపించినాడు ఆ చలికాలం. ఆకుపచ్చ సిల్కు దుపట్టా కప్పుకొని, ఆటగాళ్ళ పెండ్లాలతో కూర్చునేది. కూర్చోవాల్సిందే, పెండ్లాం కదా, నేను కాదనను. ఒకనాడు ఆట గెలిచినాక టీవీవాళ్ళు వచ్చినారు. మైకు పట్టుకున్న పిల్ల హిందీలో అడిగింది, 'బంతి వేసే ముందు ప్రతిసారీ కాలరు కొరుకుతారు, ఎందుకు' అని. ఇమాము సిగ్గుపడి తల గోక్కుంటాండాడు. ఇంతలో మీ అమ్మ, అడక్కముందే, ఆ గొంతుతో, నీకు తెలుసుగా, తేనె మాదిరి గొంతు, 'అది కాలరు కాదండీ, కాలరు కింద నేను కట్టిన తాయెత్తు ఉంది, దాన్ని ముద్దుపెట్టుకొని బంతి వేస్తారు' అనింది. అయ్యో ఎంత ప్రేమ అని అందరూ చప్పట్లు కొట్టిరి. నేను ఎనక థర్మాస్ పట్టుకొని నిలబడుకొని ఉన్నా. నా నోట్లో ఓణీ గుడ్డ రుచి తగిలింది కోడలా. అన్నేండ్ల కిందటి చెమట ఉప్పుతో సహా. తాయెత్తు కట్టినది నిజమే, కడప దర్గా తాయెత్తు, నేను గూడా చూసినా. కానీ అది ఎడమపక్క ఉండేది. వాడు కొరికేది కుడిపక్క కాలరు.

కారులో నన్ను ఇంటికి దింపేటప్పుడు అడిగినా. 'ఏమిరా, తాయెత్తు కొరుకుతాండావా నువ్వు' అని. నవ్వినాడు. 'పోనీలే అక్కా, ఆమెకు సంతోషం. నీకు తెలుసు కదా' అన్నాడు. నాకు తెలిస్తే చాలునా. నువ్వు చెప్పు. నాకు తెలుసు, వానికి తెలుసు, వాడు పాయ. ఇంక ఎవరికి తెలుసు.

ఎంతకాలం ఆడినాడని అడుగుతారు అందరూ. చలికాలం నిండా గూడా కాదు. ఎందుకు ఆగిపోయినాడంటే మీ అమ్మ భుజం అంటుంది. భుజం నరం తెగింది, డాక్టర్లు వద్దన్నారు అని ఫయాజోళ్ళకూ అదే చెప్పింది, నీకూ అదే చెప్పుంటుంది. భుజానికి ఏం కాలేదు. గుండ్రాయి మాదిరి ఉండె ఆ భుజం. జరిగింది చెప్తా. ఆ పొద్దు అవతలి జట్టోడు మనవాణ్ణి ఒకణ్ణి బంతితో పక్కటెముకల మీద కొట్టినాడు. వాళ్ళ ఆటలో ఒక పద్ధతి ఉందంట, మనవాణ్ణి కొడితే మనం వాళ్ళవాణ్ణి కొట్టాల. కొట్టకపోతే మన జట్టుకు అవమానం. కోచ్ వచ్చి ఇమాముతో చెప్పినాడు, నడుముకో పక్కటెముకలకో ఒక్కటి తగిలించు, అంతే, పెద్ద దెబ్బ వద్దు అని. వాడు సరే అని తలూపినాడు. ఊపకుంటే ఎట్లా, జీతమిచ్చేవాళ్ళు. కర్ర పట్టుకొని నిలబడినవాడు గూడా తయారుగా ఉండాడు, తగులుతుందని వానికీ తెలుసంట, అదొక లెక్క వాళ్ళకు.

ఇమాము కాలరు కొరికినాడు. చెయ్యి ఎనక్కి తీసినాడు. నేను ఎనక వరసలో లేచి నిలబడినా, ఎందుకంటే వాని మోచెయ్యి చూస్తానే నాకు తెలిసిపోయింది ఆ బంతి యాడికి పోతుందో. చెవి పక్కన పోయింది. బెత్తెడు. జుయ్యిమని పోయుంటుంది. వాడు ఎనక్కి పడి కూర్చున్నాడు, వెంట్రుకకు తగల్లేదు. అంత మంచి రాయి మీ నాయన జన్మలో వెయ్యలేదు, నేను గూడా వేసినానో లేదో. మా నాయన ఉండింటే ఆ పొద్దు ఇంకొక ముద్ద సంగటి పెట్టేవాడు. మనిషికి దెబ్బ తగలగూడదు, చెప్పిన మాట పోగూడదు, భయపెడితే చాలు, తిరుగుతాడు. వానికి తెలిసింది అదొక్కటే కదా. కానీ ఆ ఆటలో, కోడలా, పక్కటెముకలకు కొడితే మర్యాద, తల దగ్గరికి పోతే హత్య. అది వీనికి ఎవరు చెప్పినారు. మైదానమంతా అరుపులు. అవతలి జట్టంతా కర్రలు పారేసి లోపలికి వచ్చింది. అంపైరు పరిగెత్తుకొచ్చి బయటికి పొమ్మని చెయ్యి చూపించినాడు. మన కోచే, సొంత కోచే, 'పక్కటెముకలు చెప్తే తలకు వేస్తావా, పిచ్చోడివా' అని మీద పడినాడు. వాడు తెల్లబోయి, 'తగల్లేదు సార్, తగలకుండానే వేసినా సార్' అంటాడు, ఎవరికీ అర్థం కాదు. జపాన్ సారును మధ్యలో పెట్టుకొని చెప్పి చూసినాడు, జీవాలు, చెనిక్కాయ చేను, చెవి. సారు విని తల వంచుకున్నాడంట గానీ మిగతావాళ్ళు మేకలకూ దీనికీ ఏం సంబంధమన్నారు. మనుషుల తలలకు గురిపెట్టేవాడని చెప్పి ఇంక ఎక్కనియ్యలేదు ఆ దిబ్బ. చీమకు నొప్పి చెయ్యనివాణ్ణి. తర్వాత ఆ ఆటే మూతపడింది లే, ఈ ఎండలో ఎవరు చూస్తారు దాన్ని.

ఏమంటావు, అందుకే భుజమని చెప్పిందా మీ అమ్మ. తలలకు గురిపెట్టేవాడంటే మళ్ళా కారు తాళాలు ఎవరు చేతికిస్తారు, అందుకని దాచిందంటావు. సరే, దాచింది. తెలివైందే, నేను కాదన్నానా. కానీ ఆ పొద్దు ఇంటికొచ్చినాక నాతో ఏమనిందో అది గూడా చెప్పిందా నీకు. ఈ వంటింటి గడపలోనే నిలబడి, గొంతు రవ్వంత గూడా పెంచకుండా, 'ఆపా, మీ రాయి నీతి మా ఇంటి అన్నం తీసేసింది' అనింది. తాయెత్తు అయితే ఆమెది. పోయిన అన్నం అయితే నాది. ఇదెక్కడి న్యాయం. ఇమాము పక్కనే ఉండాడు, తల ఎత్తలేదు. మరుసటి పొద్దునుంచి జపాన్ పిల్లలను బడికి దింపతా, పోయేదాకా స్టీరింగే పట్టుకున్నాడు. ఈ వీధి దాటితే ఖబరస్థాన్, ఆడే ఉండాడు. పొద్దున గాలి ఆ పక్కనుంచి వస్తే ఒక ఫాతిహా చదువుకుంటా. తెలుగోళ్ళ నోటితో చదివినా చేరుతుందిలే.

ఇంకొక మాట చెప్పి ఆపేస్తా. ఇది ఇన్నేండ్లలో నేను ఎవరితోనూ అనలేదు. మొండి మేకపోతు ఉంటుంది చూడు, చెవి పక్కన రాయి పోయినా తిరగదు. దానికి వేరే రాయి ఉంది. కాళ్ళ ముందర, గిట్టకు తగలకుండా, దుమ్ము లేచి మొహాన పడేటట్టు వెయ్యాల. అది కష్టం, చెవి రాయికంటే కష్టం. ఆ పొద్దు ఆ కర్ర పట్టుకున్నోని కాళ్ళ ముందర అట్లా దుమ్ము లేపింటే ఎవరూ హత్య అనేవాళ్ళు కాదు. నేనైతే అదే వేసేదాన్ని. వానికి ఆ రాయి రాదు. ఎట్లొస్తుంది, చెవి రాయి దాకానే నేర్పినా, దాని తర్వాత ఆ రాయి నేర్పుదామని ఉంటిని, సంచి నా కొక్కెం మీద నుంచి దిగిపాయ. ఎనక వరసలో నిలబడుకొని అదే అనుకున్నా. ఆ దిబ్బ మీద నేను ఉండాల్సింది. తప్పో ఒప్పో, అదే వచ్చింది మనసులోకి, అయ్యో తమ్ముడా అని గూడా ముందర రాలేదు.

ఈ చెయ్యి ఇప్పటికీ పోలేదు. మొన్న కాకి ఒకటి గోడ మీద ఎండబెట్టిన చేపను ఎత్తుకపోతాంటే, ఈ లూమీ ఒకటి తీసి ఇసిరినా. చెవి పక్కన పోయింది. కాకికి చెవి యాడ ఉంటుందో నాకు తెలియదుగానీ చేపను వదిలేసింది. మేడం చిన్నకూతురు కిటికీలోనుంచి చూసి 'ఖాసింబీ, అగైన్' అనింది. నవ్వుతావా. నవ్వు. నువ్వు నవ్వితే కుడిపక్క చెంప వాని మాదిరే పడుతుంది, ఆ పక్క మీ అమ్మ.

సరే ఇంక చెప్పు, నోరు తెరిచి మూసి తెరిచి మూసి చాలాసేపైంది నువ్వు. చెప్పు, మీ అమ్మ ఏ చీర కట్టుకుంటుంది రేపు, అదేనా. ... ఏంది. ఎవరు వద్దన్నారు. ... మీ అమ్మే వద్దనిందా. ఎందుకంట, సిగ్గా. ... మెల్లగా చెప్పవే, నాకు ఆ చెవి సరిగా వినపడదు. ... 'మా ఆయనకు ఆ ఇసిరే చెయ్యి ఇచ్చింది ఆపా. ఆమె చేత వేయించండి, నేను పక్కన కూర్చుంటా' అనిందా. ఈ మాటే అనిందా, నువ్వేమన్నా కలిపి చెప్తాండావా. ... ఫయాజోళ్ళందరి ముందరనా. ... అందరి ముందర.

...

చూసినావా. ఇదే మీ అమ్మతో వచ్చిన తంటా. నేను అడగలేదు కదా. ఎవరినీ అడగలేదు. ఇన్నేండ్లు మనసులో పెట్టుకొని ఉంటి, ఆమె పోయి నలుగురిలో ఒక్క మాటతో తీసి ఇచ్చేసింది. ఇంక రేపు నేను వేసినా ఆమె ఇస్తే వేసినట్టు. వెయ్యకపోతే కుళ్ళుకొని వెయ్యలేదంటారు. ఆమెను మంచిదనక తప్పదు ఇప్పుడు. ఆ ఒక్కటన్నా నాకు మిగలనీయగూడదా. ... లేదు, రానని నేనన్నానా. నువ్వు మధ్యలో మాట్లాడొద్దు. ... ఎంత దూరంలో నిలబెడతారంట, కర్ర పట్టుకునేవాణ్ణి. ... ఊ.

ఆ గట్టు మీద ఆముదం సీసా ఉంది, ఇట్లా తే. తలుపు దగ్గరికి వెయ్యి. ఈ కుడిభుజానికి రవ్వంత రుద్దు. అట్లా కాదు, గట్టిగా.